గాడి

గాడిలో పడితే బాగుపడ్డట్టే అంటారు ఎవరైనా.
నా స్నో బైక్ గాడిలో పడిందంటే మాత్రం
ఆ పూటకి నా పని అయిపోయినట్టే.

ముందు చక్రం ఉండాల్సిన చోట ఒకే ఒక్క స్కీ,
వెనక పళ్ల పట్టా.
నాకంటే ముందు పోయిన స్నోమొబైళ్లు వదిలిన జంట కాలువలు
రాత్రి చలికి రాయిలా బిగుసుకుంటాయి.
స్కీ వాటిలోకి జారుతుంది,
మాపటేళ ఇంటిదారి పట్టిన గొడ్డులా.
నేను కుడికి అంటాను. విననట్టే ఉంటుంది.
ఉన్నట్టుండి వింటుంది,
అప్పుడు మరీ ఎక్కువ వింటుంది.

"స్కీ తప్పు కాదిది," అన్నాడు ఓరిన్.
దాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి
అడుగునున్న రన్నర్ మీద బొటనవేలు నడిపాడు.
పదకొండు చలికాలాలు.
పార అంచులా ఉండాల్సింది సబ్బుబిళ్లలా అరిగిపోయింది.
"కర్రు అరిగితే చాలు తిన్నగా వస్తుందా?"
మా నాన్న స్నేక్ నది పక్కన బంగాళాదుంపలు పండించాడు.
ఆ మాట నాకు రెండోసారి చెప్పక్కర్లేదు.

కొత్తవి రెండు. పక్కపక్కన, నాలుగు వేళ్ల ఎడంలో.
ఒక్కటే ఉంటే గాడి వెతుక్కుంటుంది.
రెండుంటే ఒకటి దిగబోయినా ఇంకోటి గట్టు పట్టుకుంటుంది.
పెళ్లి గురించీ ఓరిన్ ఇలాగే మాట్లాడతాడు,
మూడుసార్లు చేసుకున్నాడు.

అంచుల్లో కార్బైడ్ ముక్కలు, గాజు మీద గీత పడేంత పదును.
ఇంకా పొడుగువి తెచ్చి చూపించి, తనే వెనక్కి పెట్టేశాడు.
"మరీ గట్టిగా కరిస్తే హ్యాండిల్ నీ భుజాలు పీకేస్తుంది.
కొండెక్కి మంచు కొలిచి దిగడమేగా నీ ఉద్యోగం, వెర్లీన్."
పాత బోల్టు ఒకటి తుప్పులోనే తెగింది.
డ్రిల్లు. బూతుమాట. కాఫీ. మళ్లీ డ్రిల్లు.
"నూట నలభై డాలర్లు," అన్నాడు, నా మొహం చూడకుండా.

తెల్లారి ఐదింటికి రోడ్డు దాటుతుంటే
తారు మీద కీచుమంటూ నాలుగు నిప్పురవ్వలు.
అడవిలో అవే జంట కాలువలు.
స్కీ వాటి మీదుగానే పోయింది,
పాత పరిచయం ఒప్పుకోని మనిషిలా.
హెల్మెట్ లోపల నవ్వుకున్నాను, ఒక్కదాన్నే.

మూడో మలుపులో పడ్డాను.

బండి తప్పేం లేదు.
పదకొండేళ్లుగా నా మణికట్లు
రాబోయే జారుడికి ముందే ఎడమకి సర్దుకుంటూ వచ్చాయి.
ఇవాళ జారుడు రాలేదు. సర్దుబాటు మాత్రం వచ్చింది.
అడగడమే తడవుగా స్కీ ఎడమకి తిరిగింది.
నేను కుడికి ఎగిరి
ఫిర్ చెట్టు మొదట్లో నడుం దాకా దిగబడ్డాను.

కాసేపు అలాగే ఉండిపోయాను.
ఇంజను ఆగింది. కొమ్మ మీంచి మెడలోకి మంచుపొడి.
మాట వినని వాళ్లతో వేగడం నేర్చిన ఒళ్లు,
వినేవాళ్లు దొరికితే ఏం చెయ్యాలో తెలియక
సరే, ఇది బండి గురించే.

పైన మైదానంలో మంచు మోకాలి లోతు, దూదిలా.
అక్కడ నా కొత్త ఉక్కుకి పనేం లేదు.
స్కీ మధ్యలోని వెన్నే మోస్తుంది, వెన్నే తిప్పుతుంది,
నూట నలభై డాలర్లు ఊరికే సవారీ చేస్తాయి.
కానీ ఉత్తరపు వాలుని అడ్డంగా దాటాలి,
గాలి చెక్కి గట్టిపరిచిన చోట,
ఏటా నన్ను లోయలోకి ఈడ్చే చోట.
కరిచి పట్టుకుంది.
ఊపిరి బిగబట్టానని అవతలికి పోయాకే తెలిసింది.

గొట్టం గుచ్చాను. తీశాను. తూచాను.
లోతు అరవై రెండు అంగుళాలు. నీరు పందొమ్మిది.
కింద ఎవరి పొలంలోనో జూన్‌లో పారబోయే నీరు.
చేతులు ఇంకా కొంచెం వణుకుతున్నాయి,
తొమ్మిది అంకె ఏడులా పడితే దిద్దాను.

దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర
నా ఆకారంలో ఒక గొయ్యి.
ఈలోగా ఏదో కుందేలు అటుగా వెళ్లింది.
చుట్టూ తిరిగి పోలేదు.
దిగి, భుజం దగ్గర ఎక్కి,
దాని దారిన అది పోయింది.