పిండి జల్లెడ

బండి దగ్గుకుంటూ వచ్చింది ఆ పొద్దున.
జోల్దోష్ దిగి, ఒళ్లు కాలుతోందేమోనని చూసేవాడిలా
బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.
"మూడేళ్లుగా మేలురకం పెట్రోలే పోశాను,
పిల్లల బూట్లు వాయిదా వేసి మరీ."

పోసే ఉంటాడు.
కానీ ఈ ఇంజన్లో పెట్రోలు గుమ్మం తొక్కదు.
నేరుగా పొయ్యిలోకే చిమ్ముకుంటుంది.
గుమ్మంలో నిలబడ్డ వాల్వుకి
కడిగే చుక్క ఒక్కటీ తగలదు.
కింద నుంచి లేచిన నూనె ఆవిరి మాత్రం
పోతూ పోతూ దాని వీపు మీద చెయ్యేసి పోతుంది.
లక్షా నలభై వేల కిలోమీటర్లు.
ఎన్ని చేతులో.

మానిఫోల్డు విప్పి టార్చి వేశాను.
అడుగంటిన గిన్నెలా, నల్లగా, గడ్డలు గడ్డలుగా.
"ఇది నా బండిలోదేనా?" అన్నాడు.
ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి మా నాన్న అన్న మాట,
అదే గొంతు,
సగం అనుమానం, సగం సిగ్గు.

ఇనుముతో గోకితే వాల్వు గాయపడుతుంది.
మందు పోస్తే మసి నానుతుంది, కదలదు.
దీనికి అక్రోటు పెంకే కావాలి,
రవ్వగా నలగ్గొట్టి, గాలితో కొట్టాలి.
మసికన్నా గట్టిది, ఉక్కుకన్నా మెత్తనిది.
అలా మధ్యలో ఉండడం ఎంత కష్టమో
ఊళ్లో తగాదాలు తీర్చే మా బాబాయిని అడగండి.

ఆ రవ్వ సంచీ మీద సముద్రాల అవతలి అక్షరాలుంటాయి.
ఒక్క సంచీకి మూడు రోజుల కూలి.
జలాల్-అబాద్ నుంచి కొండెక్కితే మా అర్స్లాన్‌బోబ్,
కొండంతా అక్రోటు అడవే.
అక్కడ మా అమ్మ
అదే పెంకుతో టీ కాస్తుంది.

పోయిన నెల రెండు బస్తాలు తెచ్చి నేనే దంచాను.
కొంత దుమ్ము, కొంత రాయి.
గన్ను గొంతు పట్టేసింది.
అమ్మని పిండి జల్లెడ అడిగాను.
"ఏ కారుకిరా రొట్టె చేస్తున్నావు, దిల్మురోద్?"
అని మూడు రోజులు దాచింది.
నాలుగో రోజు తనే ముందేసుకుని కూర్చుంది,
తిడుతూ, జల్లిస్తూ, మళ్లీ జల్లిస్తూ.
పచ్చికాయ తొక్క వలిచి వలిచి
రెండో కణుపుదాకా నల్లబడ్డ వేళ్లు.
ఆ నలుపు సబ్బుకి లొంగదు.
గోళ్లు పెరిగి, మంచు పడితేగాని పోదు.

మొదటి సిలిండర్. రెండోది.
క్రాంకు తిప్పి, రెండు వాల్వులూ మూసుకున్నాయో లేదో చూసి,
అప్పుడే గన్ను పెట్టాలి.

కొత్తలో ఒకసారి చూడలేదు.
తెరిచి ఉన్న గుమ్మంలోంచి రవ్వ లోపలికి పోయింది.
రాత్రంతా పీల్చి తీశాననుకున్నాను.
తీయని ఒకటో రెండో గింజలు
సిలిండర్ గోడని గీసేశాయి.
ఎవరికీ చెప్పలేదు.
పాపం, పాత బండి కదా అన్నాడు ఆయన.
ఇప్పటికీ బజార్లో ముందుగా సలాం చెబుతాడు.
నేను చెప్పులు చూసుకుంటాను.

అందుకే నాలుగోదాన్ని
టార్చితో ఒకసారి, వేలితో ఒకసారి, మళ్లీ టార్చితో.
జోల్దోష్ గడియారం చూస్తున్నాడు.
చూడనీ.

మధ్యాహ్నానికి వాల్వులు తమ రంగుకి వచ్చాయి.
తాళం తిప్పాడు.
దగ్గు లేదు.
కాసేపు అలాగే వింటూ కూర్చుని అడిగాడు,
"ఇంక పట్టదుగా?"
"పడుతుంది. ఇప్పుడే మొదలైంది."
నవ్వలేదు. సగం డబ్బిచ్చాడు,
మిగతాది బిష్కెక్ ట్రిప్పు తర్వాత అన్నాడు.

వాక్యూమ్ సంచీ దులిపాను.
కాలిన నూనె వాసన,
దాని అడుగున ఎక్కడో
తడిసిన ఆకుల వాసన.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.
"పోయిందా నలుపు?" అంది.
"పోయింది."
"నా చేతులది పోలేదు" అంది.
ఆ తర్వాత,
"జల్లెడ ఎప్పుడు పంపిస్తావు?
పిండి ఉండలు కడుతోంది."