వాడి మూర

అల్లూరు నుంచి ఇస్కపల్లి దాకా
యాభై రెండు స్తంభాలు.
ముప్పై మూడో దాని మీద కాలేషా,
కింద నేను.
నిచ్చెన కాళ్ళు రెండు పాదాలతో తొక్కిపట్టి
నోరు తెరుచుకుని పైకి చూస్తా ఉంటాను,
తోకచుక్క కోసం లేచినవాడిలా.

నడుం విరిగిన ఏడు నుంచీ నా పని ఇదే.
ఎక్కను. తీగ పొట్ట చూస్తాను.
రెండు స్తంభాల నడుమ అది ఎంత దిగాలో
కన్ను చెప్పాల్సిందే, టేపుకి అందదు.
చాలు అన్నాక కూడా
ఇంకో మర తిప్పుతాడు కాలేషా.
పైనున్నోడికి తిన్నగా ఉండేదే అందం.

నాకూ అట్నే ఉండేది.
గోగులపల్లి కాడ గీత గీసినట్టు లాగి కట్టాను,
మేస్త్రీ టీ ఇప్పించాడు.
కార్తీకంలో గాలివాన.
ఊగను చోటు లేక
క్లాంపుతో సహా ఊడొచ్చింది తీగ.
తెల్లారి రోడ్డు మీద దాని చుట్టూ జనం,
చచ్చిన పామును చూసినట్టు,
ఒకడు కర్రతో కదిలించి కూడా చూశాడు.

ఇది ఉప్పు కొటార్ల గాలి.
కొత్త ఇనుము ఆరు నెలల్లో ముసలిది.
నట్టుకి గ్రీజు పూసి
పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టమంటాను.
కంపెనీ కాయితంలో ట్యూబు లేదు.
కాయితానికి ఉప్పు తెలవదు.

రొయ్యల గుంట కాడ మేత బస్తా దించుతా
వెంగమ్మ అడిగింది:
"దీంట్లో కరెంటు ఉంటదా అబ్బయ్యా?"
"లేదు, వెలుతురు పోతది."
తలెత్తి ఆ నల్ల తీగని చాలాసేపు చూసింది.
"అయితే మా గుంట గట్టున
కాస్త కారనియ్యి పో" అని
బస్తా మూతి విప్పుకుంది.

పొద్దుగూకే వేళకి గడ్డి ట్రాక్టరు,
ఇల్లే కదిలొచ్చినట్టు.
గడ్డి మీద బోర్లా ఒక పిల్లోడు,
చేతిలో పంగల కర్ర.
ముప్పై మూడుకీ ముప్పై నాలుగుకీ నడుమ
తీగ ఇంకా బిగించలా,
పొట్ట రోడ్డు మీదికి దిగిపోయుంది.
ఆపయ్యో అని అరిచాను.
ట్రాక్టరోడి చెవుల నిండా పాటలు.
ఉరికి అడ్డం పడదామంటే
నా కాళ్ళ కింద నిచ్చెన,
నిచ్చెన మీద కాలేషా,
కాలేషా చేతిలో తీగ.

పిల్లోడు లేచి నిలబడ్డాడు.
పంగలో తీగని పట్టి తల పైకెత్తి
గడ్డి మీద వెనక్కి వెనక్కి నడిచాడు,
బండి ముందుకి, వాడు వెనక్కి,
ఉన్నచోటే ఉన్నట్టు.
చివర్న, పాలదుత్త దించినట్టు
మెల్లిగా గాల్లో వదిలాడు.
తీగ రెండుసార్లు ఊగి ఊరుకుంది.

బండి మలుపు తిరగబోతా ఉంటే కేకేశాడు:
"ఓ మామా, ఇంకో మూర పైకి!
రేపు ఇంతకన్నా ఎత్తు లోడు!"

పద్దెనిమిదేళ్ళుగా నేను చూస్తున్న పొట్ట
వాడు తీగ కిందినుంచి,
రోజుకి నాలుగు ట్రిప్పులు,
మొహాన్ని రాసుకుంటా పోయేటప్పుడు చూస్తన్నాడు.

"ఏం చేద్దాం?" పైనుంచి కాలేషా.
"మూర లాగు."
"మూరా? బిగిసిపోతదని నువ్వే గదా..."
"నీ మూర కాదురా," అన్నాను,
"వాడిది."