తేలే బరువు

ఏప్రిల్ నెల. గుంటూరు మిర్చి యార్డు.
ఆఖరి లారీ పట్టా కట్టుకుని
చిలకలూరిపేట రోడ్డెక్కేసరికి తొమ్మిదైంది.
నేను కాటా గుమాస్తాని.
పొద్దుటినుంచి నాలుగువేల టిక్కీలు
నా పెన్ను కిందనుంచి వెళ్ళాయి.
అంకెలు తప్ప మరేం కనపడని కళ్ళు నావి.
అవీ ఎర్రగా.

అప్పుడొచ్చాడు మస్తాన్‌వలీ,
అరండల్‌పేటలో కళ్ళజోళ్ళు అరగదీసే మనిషి,
మోపెడ్ మీద బోరు గొట్టమంత తెల్లగొట్టం
అడ్డంగా కట్టుకుని.
ఏడాదిపాటు రాత్రిళ్ళు అద్దం రుద్దాడట.
“ఊళ్ళో దీపాలెక్కువ. మీ దక్షిణపు గేటు దగ్గర
చీకటి బావుంటుంది” అన్నాడు,
సరుకు గుప్పిట్లోకి తీసుకుని
రంగు చూసే వ్యాపారిలాగా.

హమాలీలు మూగారు.
తొడిమలు తీసే ఆడవాళ్ళు, ముందు సలోమీ,
ముక్కులకు కట్టిన కొంగులు విప్పుకుంటూ వచ్చారు.

ఆకాశం మాకు తెలియందా?
పిల్లలకోడి ఎప్పుడు దిగుతుందో,
గొల్లకావడి ఏ రేకుల షెడ్డు వెనక్కి వాలుతుందో
చేతికి గడియారం లేని రోజులనుంచీ చూస్తున్నదే.
మిగతాది సెకండ్ షోలు నేర్పాయి.
డబ్బింగు సినిమాల్లో పచ్చరంగు మనుషులు
మా బడి పంతులుకన్నా శుభ్రమైన తెలుగులో
భూమిని లొంగిపొమ్మంటారు.
ఓడలు పేలితే కుర్చీలు వణుకుతాయి.
ఆ ఓడలు మనూళ్ళో దిగవెందుకని
సైదులు అడిగితే,
“వచ్చే ఉంటాయిరా,
యార్డు గాలి తగిలి
తుమ్ముకుంటూ పోయుంటాయి” అంది సలోమీ.

మస్తాన్‌వలీ గొట్టం తిప్పి
చిత్త నక్షత్రం పక్కన ఒక పసుపు చుక్కకి గురిపెట్టాడు.
“శని” అన్నాడు.

నవ్వులాగిపోయాయి.
ఏడుకొండలు రెండడుగులు వెనక్కేశాడు.
అతనిది కన్యారాశి. ఏలినాటి శనిలో ఆరో ఏడు.
మొదట జోడెడ్లు పోయాయి, తర్వాత కౌలుపొలం,
ఈ యార్డుకొచ్చాక కుడి మోకాలు.
పోయిన ప్రతిదానికీ పైనుంచి ఒకడు
సంతకం పెడుతున్నాడని అతని లెక్క.
“నన్ను చూస్తున్నోణ్ణి నేను చూడటమా? వద్దు బాబూ.”

చూశాడు, చివరికి.
వంగి, ఒక కన్ను మూసి.

ఎంతసేపు!
వెనక వరసలో గొణుగుడు మొదలైంది.
అతను కదలడు.
కంట్లో నీళ్ళూరాయి, ఘాటుకేనేమో.
మస్తాన్‌వలీ చొక్కా అంచుతో అద్దం తుడిచి
మళ్ళీ చూడనిచ్చాడు.
“చప్పుడు లేదే.”
“అక్కడ గాలే లేదు, చప్పుడెక్కడిది?”
“బియ్యపుగింజంతున్నాడు.
చుట్టూ అదేంటది... చుట్టకుదురు!
ఈడూ మోతగాడేనా?”

మస్తాన్‌వలీ నవ్వలేదు.
“భూమికి తొంభైఐదు రెట్ల బరువు.
అయినా అంత చెరువే ఉంటే
మునగదు. తేలుతుంది.”

ఏడుకొండలు లేచాడు.
నలభై కేజీల టిక్కీలకింద అణిగిన మెడని
అటూ ఇటూ విరుచుకుని
నావైపు తిరిగాడు, కాటా నా దగ్గరుంటుంది గనక.
“ఏం గుమాస్తా గారూ,
తేలేదాన్నా నేనిన్నాళ్ళూ మోసింది?”

తేమకింత, గోతానికింత, తాలుకింత,
తరుగు లెక్కలన్నీ నాకు నోటికొచ్చు.
దీనికెంత కొట్టెయ్యాలో తెలియలేదు.

సలోమీ చూసి ఒక్కమాటా అనలేదు.
మళ్ళీ వెళ్ళి
వరస చివర నిలబడింది.

శనివారం పొద్దున్న గుడి మెట్లదగ్గర
ఏడుకొండలు కనిపించాడు,
చేతిలో నువ్వులనూనె సీసా.
నేను నోరు తెరిచేలోపే అన్నాడు:
“భయంతో కాదులెండి.
మొకం చూసొచ్చాం కదా.
ఎరిగినోడి ఇంటికి
వట్టిచేతుల్తో పోతామా?”