నలభై ఏడో నంబరు

మార్చి ఆఖరు. డిపార్ట్‌మెంటు హాల్లో
ఫ్యాన్లలో ఒకటి టకటకమంటూ తిరుగుతోంది.
ఈ ఏడాది ఘనతలు చదువుతున్నారు హెడ్డు గారు.
వెనక వరసలో, నీళ్ల కూజా పక్కన నేను.
సేద్యపు ఖర్చుల సర్వేలో ఇరవై ఆరేళ్ల ఫీల్డు మనిషిని.
మొదట సైకిలు, తర్వాత మోపెడు,
ఇప్పుడు మోపెడూ మోకాలి నొప్పీ.

పెచ్చెట్టి కామరాజు, మన పూర్వ విద్యార్థి,
బ్యాంకులో జోనల్ మేనేజరయ్యాడట. చప్పట్లు.
నాకు గుర్తున్నది
రామచంద్రపురం అవతల బోదె దాటబోయి
షెడ్యూళ్ల కట్టతో సహా నీళ్లలో పడ్డ కుర్రాడు.
తడిసిన కాగితాలు గడ్డిమేటు మీద ఆరేస్తే
ఒక్కో రైతు అప్పూ విడివిడిగా రెపరెపలాడింది.
వాటిని నింపడమే గానీ చదవడం
వాడికి అదే మొదలు.

వెంపరాల మేడం గారి వ్యాసం
ఢిల్లీ సదస్సులో ఉత్తమమైందట.
కొబ్బరి మీద.
నూరు కాయలని చెప్పి నూటపది ఎందుకు లెక్కేస్తారని
అంబాజీపేటలో ఆవిడ అడిగితే
దలారి నవ్వి బొండం కొట్టిచ్చాడు.
బొండం తాగి, మూతి తుడుచుకుని,
మళ్లీ అదే అడిగింది.

ఇక బంగారు పతకం. నేలపూడి హిమజ.
శివారు భూముల్లో కౌలు సేద్యం మీద థీసిస్.
అరవై మంది రైతులు, అందరికీ నంబర్లే.
నలభై ఏడు: మట్టపర్తి సూరమ్మ.
ఎకరంన్నర. ఎకరానికి పద్నాలుగు బస్తాల మక్తా.
లాకుల దగ్గర పరుగున బయల్దేరిన నీరు
ఆవిడ చేనికొచ్చేసరికి ముసలిదైపోతుంది.

'ఇంటి మనిషి కూలి, లెక్కకట్టిన విలువ'
అని ఒక గడి ఉంటుంది మా కాగితంలో.
ఇరవై ఆరేళ్లు ఆ గడిలో ఎనిమిది గంటలే రాశాను.
హిమజ అడిగింది: రాత్రిపూట పనేమన్నా ఉంటుందా అండీ?
'రాత్రి పనేటమ్మా. నీళ్లు కాసుకోడవే.'
ఎన్ని రాత్రులు?
సూరమ్మ వేళ్ల కణుపులు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.
దాళ్వాలో పంతొమ్మిది.
మంచులో, గట్టు మీద, టార్చిలైటుతో.
కొత్త గడికి కాగితంలో చోటు లేదు.
ఆ పిల్ల స్కేలు పెట్టి అంచులో గీసింది.

కాపలా పనెలా అవుతుందన్నారు కమిటీలో ఒకాయన.
ఒక రాత్రి వచ్చి చూడండి సార్, అందట.
ఆయన వెళ్లలేదు. గడి మాత్రం ఉండిపోయింది.

ఏప్రిల్లో పుస్తకం ఇవ్వడానికి వెళ్లాం.
రోడ్డు మీద ధాన్యం ఎగదోస్తోంది సూరమ్మ.
పార పక్కన పెట్టి చేతులు చీరకి తుడుచుకుంది.
'అచ్చరాలు రావు గానీ అంకెలొచ్చు.
నాలుగు వేల నూటపది. ముందర ఈ గీతేటి?'
మైనస్ అండి. అంటే నష్టం.
'ఓహో. అది నాకు తెలుసులే,
పేరే తెలీదు.'

వేలు కిందికి జరిగింది. ఆగింది.
'డీజిలు పదకొండు లీటర్లా? పదహారు కదా.
అది చెప్పేటప్పుడే
ఈయన టీకెల్లాడు.'

హిమజ నా వైపు చూడలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.
పెన్ను తీసి,
అట్ట మీద బంగారు అక్షరాలున్న ఆ పుస్తకంలో
పదకొండు కొట్టేసి పదహారు రాసింది.
లీటరు తొంభై ఐదు చొప్పున
గీత పక్కన అంకె
నాలుగు వేల ఐదువందల ఎనభై ఐదయింది.
ధాన్యం మీద వాలిన పిచ్చికల్ని తోలుతూనే
సూరమ్మ ఆ కూడిక సరిచూసింది.

మోపెడు స్టార్టు చేస్తుంటే వెనక నుంచి కేకేసింది:
'సార్వాకి మళ్లీ రండి.
టీ నేనే కాస్తాను.
కదలకుండా కూచుని రాసుకుందురు గాని.'