జాబితాలో జ్వరం లేదు

సైబాయి దీవి క్లినిక్‌లో రాత్రి డ్యూటీ.
ఉత్తరం కిటికీ తెరిస్తే
పరాయి దేశంలో ఎవరో పొయ్యి రాజేసిన ఎరుపు.
మధ్యలో నాలుగు కిలోమీటర్ల నీళ్లు, అంతే.
మా నాన్న ఉంటే అడిగేవాడు:
ఇంత నీటిలో రాయి ఎక్కడ పాతారమ్మా?

ఆయన సర్వే శాఖలో గొలుసు లాగేవాడు.
జానెడు గట్టు కోసం అన్నదమ్ములు
గొడ్డళ్లు తీసిన పొలాల్లో
నోరెత్తకుండా రాయి పాతి వచ్చేవాడు.

ఇక్కడ రాయి లేదు, ఒడంబడిక ఉంది.
అడుగు మట్టికి ఒక గీత,
పైన చేపకి ఇంకో గీత.
చేప ఒక దేశంలో ఈదుతూ
ఇంకో దేశపు మట్టి మీద నీడ వేస్తుంది.

మంచి ఒడంబడికే, కాదనను.
రెండు ఒడ్డుల పాతకాపులూ
పాస్‌పోర్టు లేకుండా రావచ్చు, పోవచ్చు.
వేటకి రావచ్చు.
మొగలాకు చాపలిచ్చి బియ్యం పట్టుకెళ్లొచ్చు.
పెళ్లికి రావచ్చు, చావుకి రావచ్చు.
తాతల కాలం నుంచీ వస్తున్నారు కాబట్టి
రాజ్యాలు రెండూ కాస్త పక్కకి జరిగి దారిచ్చాయి.
అదెంత అరుదో నాకు తెలుసు,
నాలుగు వీసాలు మార్చినదాన్ని.

జాబితాలో జ్వరం లేదు.

రెండుంబావుకి డూబా వచ్చాడు,
డింగీని బురదలో అలాగే వదిలేసి.
భుజం మీద కూతురు, సీబో.
ఆరేళ్లది. ఒళ్లు పెనంలా ఉంది.
ఫారంలో మొదటి గడి: రాకకు కారణం.
డూబా గడిని చూశాడు, నన్ను చూశాడు.
"చాపలు అమ్మడానికి," అన్నాడు.
చేతుల్లో చాప లేదు.
నేను రాసుకున్నాను: చాపలు.
తర్వాత సూది గుచ్చి రక్తం తీశాను.
ఆ రాత్రి చాపల ధర
నూట నాలుగు డిగ్రీలు.

రాజ్యమంటే నాలుగు ఉండాలట:
నేల, జనం, ఏలిక,
పక్కవాడితో మాట్లాడగలిగే నోరు.
సీబో రక్తంలో దొరికిన పురుగుకి
ఈ నాలుగూ లేవు.
అయినా రెండు ఒడ్డుల్నీ అదే ఏలుతోంది.

తెల్లారగట్ల పెద్దపోటు గోడ దాటింది.
మా జనరేటర్ చూసే ఎనోసా పెద్దాయన
గంబూట్లు తొడుక్కుని సమాధుల వైపు నడిచాడు.
టార్చి పట్టుకోడానికి నేనూ వెళ్లాను.
వాళ్లమ్మ రాతి ముందు ప్లాస్టిక్ పూలు
మోకాటి లోతు నీళ్లలో తల ఊపుతున్నాయి.
ఏదో ఒకటి అనాలని అన్నాను:
"ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది
అంటారు మా వైపు ముసలాళ్లు."
ఆయన చాలాసేపు ఆ మాటని నమిలాడు.
"ఇక్కడ కాడు కూడా పొమ్మంటోంది."

నీ పొయ్యి పొగ పక్కింటి కళ్లలో పడకూడదని
రాజ్యాలకీ ఒక ధర్మం ఉంది.
పొగైతే కళ్లు మండుతాయి,
గొట్టం ఎవరిదో వేలు పెట్టి చూపించొచ్చు.
మరి నీళ్లు?
ఏ రేవు దాటిన ఏ బొగ్గు ఓడ,
రాత్రంతా వెలిగే ఏ నగరం
ఎనోసా అమ్మ పాదాల దాకా నడిచొచ్చిందో
ఏ గొలుసు లాగి కొలవను నాన్నా?

దీవి మునిగిపోయినా
మ్యాపులో గీత ఉంటుందేమో.
గీతకి ఈత వచ్చు.
ఎనోసాకీ వచ్చు, ఈ దీవిలో అందరికీ వచ్చు,
సమాధుల్లో వాళ్లకి తప్ప.

మూడు వారాలకి డూబా మళ్లీ వచ్చాడు.
వెనకాల సీబో, నీళ్లలో చెప్పులు ఆడిస్తూ.
ఈసారి నిజంగానే చాప తెచ్చాడు.
డబ్బిస్తే తీసుకోలేదు.
ఫారం తీశాను. మొదటి గడి.
ఆ రాత్రి నుంచీ బాకీ ఉన్న మాట
ఇప్పుడు రాశాను: జ్వరం.

చాపని క్లినిక్ గుమ్మంలో పరిచాను.
సాయంత్రం పోటుకి ఒక అంచు తడిసింది.