తరుగు

రెండువందల పన్నెండు పేజీలు బైండింగ్‌కు ఇచ్చి
కూసోకుండ నిలవడ్డది కేయూ పిల్ల.
"అక్కా, మీ ముచ్చట ఎవరో చెప్పిన్రు.
ఇసొంటివి ఎన్నేండ్లు నిలుస్తయి?"
చేతిల కాగితం. గళ్లు గీసి ఉన్నది:
సఫలం. విఫలం.
గమ్ము ఆరేదాక టైమున్నది, కూసో అన్న.

ఏడేండ్ల నాలుగు నెలలు.
నయీంనగర్ నాలా పక్కకు రెండర్రలు, రేకుల వంటిల్లు.
నేను, సారంగపాణి, సుగుణ.
ఎవరికెవరేమైతరని ఇంటోళ్లామె అడిగితే
"కిరాయి ఐదో తారీకు లోపల ఇచ్చేటోళ్లం" అన్నది సుగుణ.
ఆమె ఇంకోసారి అడగలే.

సారంగపాణి ఎనుమాముల మార్కెట్ల గుమస్తా.
మిర్చి బస్తాల చెయ్యి జొనిపి పిడికెడు తీసి నలుపుతడు.
తడి తగిలితే తరుగు.
క్వింటాలుకు ఇన్ని కిలోలని చీటి మీద రాస్తడు,
రాసేటప్పుడు రైతు మొఖం చూడడు.
రాత్రికి ఆ చేతులు మండేటివి.
కొబ్బరినూనె రాసేది సుగుణ. నేను సూస్తుంటి.
మొదటి ఎండాకాలం నాకూ మండింది, అబద్ధమెందుకు,
ఒకనాడు నూనె సీసా నాలాల పారేసిన.
తెల్లారి ముగ్గురం పోయి చౌరస్తాల కొత్తది కొనుక్కొచ్చుకున్నం,
దారి పొడుగూత ఎవరం మాట్లాడలే.

పాతకాలం దొరలకు ఇద్దరు ముగ్గురు ఉండేటోళ్లు, గదే కదా అంటరు.
గది కాదు బిడ్డా.
గడిల ఎవరూ ఎవరినీ అడగలే.
మేం అడుక్కున్నం, ఐతారం ఐతారం, బియ్యం ఏరుకుంట:
నీకేమన్న కష్టమైతున్నదా,
నాకైతున్నది, ఇగో ఇక్కడ.
కాజీపేట లోకోషెడ్డు అన్వర్ నా కోసం వచ్చేటోడు;
సారంగపాణే చాయ పెట్టేటోడు, అల్లం ఎక్కువేసి.
అన్వర్‌తోని రెండేండ్లే. చెడ్డగనే అయిపోయింది,
పాత బాకీ లెక్క ఇప్పటికీ సలుపుతది.
దాన్ని గెలుపు ఖాతాల రాయకు.

మా చిన్నమ్మ, చిన్నాయన: నలభై ఆరేండ్లు.
అందుల పంతొమ్మిదేండ్లు మాటల్లేవు.
"కూరల ఉప్పు తక్కువైందని చెప్పు" అని
గోడ గడియారానికి చెప్తడాయన;
గడియారానికే జవాబిస్తదామె.
మొన్న కులసంఘపోళ్లు ఆదర్శ దంపతులని శాలువాలు కప్పిన్రు.
ఎవరూ పిడికెడు తీసి నలిపి చూడలే.

మాది ఎట్ల అయిపోయిందంటవా?
కొట్లాట కాదు. సుగుణకు మంచిర్యాల దవాఖానకు బదిలీ అయింది,
పోవాలని ఉన్నదన్నది. పోకని అనబుద్ధి కాలే ఇద్దరికీ.
ఆమె లేని ఇంట్ల మేమిద్దరం
ఉత్త మొగుడు పెండ్లాల లెక్క అయిపోతున్నమని
ఆర్నెల్లకు సమజైంది.
ఆయన కొత్తవాడకు, నేను ఈ దుకాణం వెనుక అర్రకు.
గిన్నెలు పంచుకునేటప్పుడు మాత్రం ఏడ్చినం,
రొట్టెల పెనం నాకొద్దంటే నాకొద్దన్నం,
ముగ్గురికీ కావాలె.

పోయినేడు ఎంజీఎంల నా గర్భసంచి తీసిన్రు.
కాగితం మీద ఒక గీత: పేషెంటుకు ఏమైతరు?
భాగ్యనగర్ రైలు దిగి ఉరికొచ్చింది సుగుణ,
పెన్ను పట్టుకొని చానసేపు ఆగింది,
ఆ గీత మీద ఫోన్ నంబరు రాసింది.
సారంగపాణి నల్ల కాడ మూడుసార్లు చేతులు కడుక్కొని
నా నుదురు మీద చెయ్యి పెట్టిండు.
అయినా ఘాటు.
తుమ్మొచ్చింది నాకు. కుట్లు ఊడినంత పనైంది.
నవ్వద్దని నర్సు గొంతుతోని కసిరి
సుగుణనే ముందు నవ్వింది.

గమ్ము ఆరింది. నీ పుస్తకం తీసుకో.
తడి ఎంతుంటే అంత తరుగు తియ్యి, నేనేమనను.
చీటి రాసేటప్పుడు మాత్రం
ఒక్కసారి నా మొఖం చూడు.