తుమ్రైత్‌కు ఇవతల, టైరు పేలిన రాత్రి

ఇరవై రెండు చక్రాల్లో ఒక్కటి పోయింది.
వెనక ఇనుప పైపులు గొలుసుల్ని ఒకసారి గుంజి
తిట్టుకుంట సద్దుమణిగినయ్.
ఆడమ్ దాటినంక మలుపన్నదే లేని రోడ్డు,
నిద్రకు తప్ప దేనికీ భయపడే పని లేని రోడ్డు.
దిగిన. గాలిల ఎండిన రొట్టె వాసన.

జాకీ ఎత్తేముందు చక్రానికి అడ్డం పెట్ట
రాయి కావాలె.
టార్చి పట్టుకొని గులకల మీద నడిచిన.
వంద అడుగుల్లో కనిపించినయ్:
మూడు రాళ్లు, తలలు ఒక్కకాడ ఆనించుకొని.
పక్కన ఇంకో మూడు. ఇంకో మూడు.
వరుస కట్టి చీకట్లకు పోతున్నయ్.

ఎవరో వండుకొని పోయిన్రనుకున్న.
ఒక రాయి మీద చెయ్యేసిన.

"ఖల్లీ, సదీక్! ఖల్లీ!"

పికప్పు దిగి ఉరికొస్తున్నడు ఒక ముసలాయన,
వెనక కాళ్లు కట్టేసిన ఒంటెపిల్ల.
పేరు ముసల్లం.
సగం అరబ్బీ, సగం డ్రైవర్ల హిందీ,
మిగిలింది చేతులతో చెప్పిండు.
ఈ రాళ్లు ఎవరు నిలబెట్టిన్రో వాళ్ల తాతకూ తెల్వదట.
ఎందుకో అంతకన్నా తెల్వదట.
తెల్వనిదాన్ని కదపొద్దు, అంతే.

తన బండి లైటు నేలకు ఏటవాలుగ వేసి చూపించిండు:
రోడ్డు పొంటి సన్నటి గీతలు,
ఒకదాన్నొకటి తాకకుండ, దువ్వెనతో గీసినట్టు.
ఒంటెలు నడిచిన బాటలు.
కొండ అవతలి చెట్లకు గాటు పెట్టి,
కారిన పాలు గడ్డకట్టినంక మూటగట్టి
ఈ దిక్కే మోసిన్రట, నీళ్లున్న బావికీ బావికీ మధ్య
ప్రాణాన్ని కొలుచుకుంట.
"లుబాన్" అని జేబులోంచి ఒక పలుకు తీసి ఇచ్చిండు.
వాసన చూసిన.
సాంబ్రాణికి పెద్దన్న.
మా చెల్లె పురుటి గదిల, నిప్పుల మీద గంప బోర్లించి
తడి జుట్టు ఆరబెట్టిన పొగ
గొంతుల అడ్డం పడ్డది.

నాకూ ఒక తాత ఉన్నడని చెప్పబుద్ధయింది.
తాతకు తాత, కేతావత్ హంజ్యా.
వెయ్యి పెరికెద్దుల లదేణి నడిపిండు.
సముద్రం కాడి ఉప్పు పైకి, పైనున్న జొన్నలు కిందికి.
బండ్లు లేవు, ఎద్దు వీపే బండి.
ముందటి ఎద్దు కొమ్ములకు గవ్వల కుచ్చులు, మెడల గంట.
ఆ ఒక్క గంట వింటూ వెనక
తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
మేసుకుంట నడిచిన్రు, తొందరేం లేదు.
ఆడోళ్లు దారిలనే కన్నరు,
పోయినోళ్లను దారిలనే పాతి, పొద్దుగాల లేచి నడిచిన్రు.
విడిది లేచినకాడ మిగిలేది
మూడు రాళ్లు, ఇంత మసి.

రైలొచ్చింది. ఎద్దులు అమ్ముడుపోయినయ్.
తిరుగుడే నేరమని పోలీసు పుస్తకంల మా పేర్లెక్కినయ్.
తర్వాత తండా, మక్కచేను, ఎండిన బోరు, ఏజెంటు.

ఇదంతా చెప్పలే. ఎద్దును అరబ్బీల ఏమంటరో నాకు రాదు.
"బకర్" అన్న. ఆవు. "కతీర్ బకర్."
ముసల్లం నవ్విండు. ఎన్ని?
పది వేళ్లు చూపి, ముడిచి, మళ్ల చూపి,
మళ్ల ముడిచి, మళ్ల చూపుతుంటే
నవ్వు ఆపి
లెక్కపెట్టుడు మొదలుపెట్టిండు.

చక్రం కిందికి తన పికప్పుల ఉన్న చెక్క దుంగ తెచ్చిండు.
నట్లు బిగించేటప్పుడు ఫోన్ మోగింది, ఆఫీసుల బషీర్:
"నీ చుక్క కదుల్తలేదేంది? ఎక్కడున్నవ్?"
దారిల, అన్న.
దారి పేరు అడగలే.

రోడ్డు పక్కన ఏరిన కొత్త రాళ్లు మూడు పెట్టి
చాయ్ కాచినం. చక్కెర ఎక్కువైంది.
ఒంటెపిల్ల ఒకసారి అరిచి ఊకుంది.
ముసల్లం ఎటు పోయిండో లైట్లు చూసినా తెల్వలే,
ఆయన రోడ్డు మీద పోలే.

బండెక్కే ముందు పొయ్యిని కాలితో చెదరగొట్టబోయిన.
రాళ్లు ఇంకా వేడిగున్నయ్.